వాచిన వేలు, రంగం ఉంగరం

మా దుకాణంలో కుర్చీలు కొనేవాళ్ళకే. అమ్మేవాళ్ళం నిలబడాలి. కాశీబుగ్గ బజారులో ఒక నగల దుకాణంలో, ఉంగరాల కౌంటరు వెనక అలా నిలబడి నిలబడి, ఇక మా వల్ల కాదని మోకాళ్ళు చెప్పేసిన రోజున రిటైరయ్యాను. శాలువా కప్పారు, స్టీలు క్యారేజీ ఒకటి చేతిలో పెట్టారు. జన్మంతా వజ్రాలు అమ్మిన మనిషికి స్టీలు ఇవ్వడంలో మా షావుకారు ఉద్దేశం ఏమిటో నేను అడగలేదు. క్యారేజీ మాత్రం మంచిదే, పులుసు కారదు.

ఇప్పుడు ఆ కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "పిన్నీ, ఈ ఉజ్జోగంలో కిటుకేటో మాకూ సెప్పీవా" అంటారు. వాళ్ళకి ఈ మధ్య శిక్షణ కూడా ఇస్తున్నారట. ఎంతసేపు నవ్వాలి, ట్రే ఎటు తిప్పాలి, కొనకుండా వెళ్ళిపోయేవాడికి ఎలా దండం పెట్టాలి, అన్నీ నేర్పుతున్నారు. నాకు నవ్వడం ఎవరూ నేర్పలేదు. ముఖం చిట్లించుకునే అమ్మాను, సరుకు బాగానే పోయింది. రాళ్ళ గురించి మంచి పుస్తకాలున్నాయి, అవి చదువుకోండి. వేళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

వెండిలా కనబడే పాపం

ప్లాటినం మా ఊరికి మా షావుకారుతో పాటు విశాఖ రైల్లో వచ్చింది. అక్కడేదో హోటల్లో వ్యాపారులకి సమావేశం పెట్టి, భోజనం పెట్టి, "అరుదైన లోహం" అన్న మాట ఆయన చెవిలో వేసి పంపారు. దిగిన దగ్గర నుంచీ ఆయన మామూలుగా మాట్లాడడం మానేశాడు. టీ తెచ్చినవాడితో కూడా అరుదైన లోహం గురించే.

ప్లాటినానికి మా వైపు ఉన్న జబ్బు ఒక్కటే. చూడడానికి వెండిలా ఉంటుంది. జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టి నాలుగు రాళ్ళు సంపాదించినవాడు ఉంగరం ఎందుకు కొంటాడు? నలుగురికీ కనబడాలని. పెళ్ళి భోజనాల దగ్గర చెయ్యి చాపితే పక్కవాడి ముద్ద గొంతులో ఆగాలి. అంత డబ్బు పోసి కొన్న ఉంగరం చూసి బావమరిది, "ఏటి బావా, ఎండుంగరం ఎట్టినావు, పప్పు రేటు పడిపోనాదేటి?" అంటే ఆ మనిషి బతికేదెలా? అలా అనిపించుకున్న ఒకాయన మర్నాడే వచ్చి, దాని మీద బంగారం పూత వెయ్యమన్నాడు. అరుదైన లోహం మీద ఇత్తడి రంగు వేయించుకోడానికి వచ్చిన మొదటి మనిషి ఆయనే. చివరి మనిషి కాదు.

టెక్కలి నుంచి ఒక అత్తగారు వచ్చింది. కొడుకూ కోడలూ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు, ఇద్దరూ జోడు ఉంగరాలు కొనుక్కున్నారు. ఆమె కోడలి ఉంగరాన్ని చింతపండు పెట్టి తోమి, బూడిద పెట్టి తోమి, గుడ్డలో చుట్టి కౌంటరు మీద కొట్టింది.

"ఎండయితే నల్లబడాల. ఇది నల్లబడ్నేదు. మా పిల్లలకి స్టీలు అమ్మేసినారు మీరు."

షావుకారు అరుదైన లోహం మొదలుపెట్టాడు. నేను ఆయన్ని పక్కకి తప్పించి, ఆమె ఒక అరచేతిలో ఆ ఉంగరాన్నీ, రెండో అరచేతిలో అదే సైజు వెండి ఉంగరాన్నీ పెట్టి ఊరుకున్నాను. ఆమె చేతులు రెండూ కాసేపు పైకీ కిందకీ ఊపింది.

"ఓలమ్మ! ఇదేటి, ఇంత బరువుంది!"

"అదీ ప్లాటినం అంటే."

"అయితే ఎనక్కి తీసీసుకోండి. మా కోడలి ఏలు ఇంత బరువు మొయ్యనేదు."

అమ్మాయిలూ, వస్తువు గురించి ఉపన్యాసం ఇవ్వకండి. అరచేతిలో పెట్టండి. నమ్మేవాళ్ళు అప్పుడు నమ్ముతారు. నమ్మినా కొననివాళ్ళు కొనరు, అది వేరే సంగతి.

రాళ్ళ జబ్బులు

రంగురాళ్ళ వ్యాపారంలో మాకు అసలు షావుకారు జ్యోతిష్కుడు. ఆయన చీటీ రాసి పంపితే మేము పొదిగి ఇచ్చేవాళ్ళం. అందులో నీలం సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీలం పడితే అందలం, పడకపోతే పాడె అని భయం. అందుకని ముందు ఇంటికి పట్టుకెళ్ళి దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. మంచి కల వస్తే కొంటారు, లేకపోతే తిరిగి ఇచ్చేస్తారు. మా దగ్గర ప్లాటినంలో పొదిగిన ఒక మంచి నీలం ఉండేది. అది తిరగని దిండు లేదు. ఒకాయన బస్సు తప్పిపోయిందని తిరిగి ఇచ్చాడు. ఒకాయన గేదె పాలు ఇవ్వడం లేదని తిరిగి ఇచ్చాడు. ఆఖరికి ఒకాయన దాన్ని పెట్టుకుని వార్డు మెంబరుగా గెలిచాడు. ఓడిపోయిన ఆయన వచ్చి, అలాంటిదే ఇంకాస్త పెద్దది కావాలన్నాడు.

పచ్చ కథ వేరు. పచ్చల్లో సన్నని పగుళ్ళుంటాయి. అవి కనబడకుండా నూనె పట్టించి అమ్ముతారు. లోకమంతా అంతే, అందులో మోసం లేదు. చెప్పకపోవడం మోసం. మా షావుకారుకి మాత్రం ఒక సూత్రం ఉండేది: "అమ్మీటప్పుడు జబ్బుల మాట ఎత్తకు రవణమ్మా." ఒక ఫ్యాక్టరీ యజమాని భార్య, భర్త పచ్చ ఉంగరానికి జీడి చమురు అంటుకుని బెల్లం ముక్కలా తయారైందని, సలసల మరిగే నీళ్ళలో సబ్బుపొడి వేసి ఉడకబెట్టింది. చమురు పోయింది. దాంతో పాటు పచ్చలో ఉన్న నూనె కూడా పోయింది. లోపలి పగుళ్ళన్నీ బయటపడ్డాయి. రాయి మార్చేశారని దుకాణం ముందు ఆమె పెట్టిన గోల రైల్వే గేటు దాకా వినబడింది. రాయికి మళ్ళీ నూనె పట్టించి ఇచ్చాం. పోయిన నమ్మకానికి పట్టించే నూనె మా దగ్గర లేకపోయింది.

అప్పటి నుంచి పచ్చ అమ్మినప్పుడల్లా, షావుకారు ఫోను మాట్లాడుతున్న సమయం చూసి, "వేణ్ణీళ్ళు తగలనివ్వకండి" అని గొంతు తగ్గించి చెప్పేదాన్ని.

వేళ్ళ జబ్బులు

ఇక అసలు పని. పొద్దుటి వేలు వేరు, సాయంత్రం వేలు వేరు. ఎండాకాలం వేలు వేరు. నడిచి వచ్చినవాళ్ళని కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, అప్పుడు కొలత తియ్యాలి. ఇది ఎక్కడైనా ఒకటే. మా దగ్గర ఇంకొకటి ఉంది.

వజ్రపుకొత్తూరు వైపు నుంచో, పూండి వైపు నుంచో ఒకరు వచ్చి, ఉంగరం బిగిసిపోయింది, సైజు పెంచమంటారు. పెంచి ఇస్తాం. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తారు. "ఒళ్ళు సేసాను పిన్నీ" అని నవ్వుతారు. ముఖం చూస్తే పీక్కుపోయి ఉంటుంది, వేలు చూస్తే ఉబ్బి ఉంటుంది. ఒళ్ళు చేసిన మనిషికి బుగ్గలు కూడా రావాలి కదా. అప్పుడు కొలత తీసే వంకతో వేలి మీద నా బొటనవేలు పెట్టి నొక్కేదాన్ని. తీశాక గుంట అలాగే ఉండిపోతే అది కొవ్వు కాదు, నీరు చేరిన వాపని తెలిసిపోయేది. అలాంటివాళ్ళకి సైజు రాస్తూ రాస్తూ, "ఒకసారి రక్తం పరీక్ష చేయించుకో, కిడ్నీ సంగతి చూపించుకో" అనేదాన్ని.

విన్నవాళ్ళు కొందరు. "ఉంగరం సైజుకొత్తే సావు కబురు సెప్తావేటి" అని లేచిపోయినవాళ్ళు చాలామంది. షావుకారు పిలిచి, "మనది నగల కొట్టు, ఆసుపత్రి కాదు" అని గుర్తుచేసేవాడు. ఆయన చెప్పింది నిజమే. ఆసుపత్రి అయితే నాకు కుర్చీ ఉండేది.

రంగం ఉంగరం

దానేసుది పూండి దగ్గర ఊరు. కొబ్బరితోట, కొంత జీడితోట. నన్ను తోడబుట్టిన అక్కలా అప్పా అని పిలిచేవాడు. అతని భార్య కుమారి అందుకే నన్ను వదినా అనేది. ఆమె ఒక రోజున కొంగు ముడి విప్పి ఒక ఉంగరం కౌంటరు మీద పెట్టింది.

"వదినా, ఈ ఎండుంగరం కాస్త తోమించి ఇయ్యి. మా ఆడపడుసు కొడుకు పెళ్ళి. బిందిలో ఎయ్యాల."

పెళ్ళిలో తలంబ్రాలయ్యాక పసుపునీళ్ళ బిందెలో ఉంగరం వేసి, వధూవరుల చేత వెతికించే ఆట అందరిళ్ళలోనూ ఉన్నదే. దానేసు ఇంటి ఆచారం ఏమిటంటే, ఎవరి పెళ్ళయినా బిందెలో ఆ ఉంగరమే పడాలి. దానేసు ముత్తాత పనికోసం ఓడెక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళి మేస్త్రీ అయ్యాడు. తిరిగి వచ్చినప్పుడు తెచ్చిన ఆస్తి ఆ ఉంగరం ఒక్కటే. ఒక దొరసాని మెచ్చి ఇచ్చిందని ఇంట్లోవాళ్ళు చెబుతారు. దొరసాని చూడనప్పుడు తీసుకున్నాడని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. పేరు మాత్రం రంగం ఉంగరం. పెళ్ళి అయిపోగానే మళ్ళీ బియ్యం డబ్బాలోకి వెళ్ళేది. ఒకసారి పశువుల సాలలో పేడలో దొరికిందట. వెండే కదా, ఎవరూ బెంగపడలేదు.

నేను దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. చెయ్యి కిందకి దిగింది. అన్నేళ్ళ నుంచి బియ్యం డబ్బాలో పడి ఉన్న వెండి నల్లబడకుండా ఎలా ఉంటుంది? భూతద్దం పెట్టి చూశాను. అంచుల వెంట సూదిమొనతో పెట్టినట్టు చుక్కల వరస. ఇప్పుడు యంత్రాలు కోసే వజ్రాలు ముఖం మీద టార్చి వేసినట్టు మెరుస్తాయి. ఇవి చేత్తో కోసిన పాతకాలం వజ్రాలు, సబ్బూ పసుపూ నూనే పేరుకుని గాజుముక్కల్లా ఉన్నాయి. మధ్యలో చిక్కటి కెంపు.

షావుకారు దూరం నుంచే చూసి, "వెండే. నల్లబడలేదంటే జర్మన్ వెండి" అని తేల్చేశాడు. అరుదైన లోహం మీద సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. తీసుకెళ్ళి, ఏ లోహమో చెప్పే మెషీన్లో పెట్టాను. ప్లాటినం అని వచ్చింది. ఆయన మెషీన్ పాడైందన్నాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. అప్పుడాయన కుమారికి కుర్చీ వేయించి, కూల్ డ్రింకు తెప్పించాడు.

"వదినా, ఏటయ్యింది? తోమడానికి అంత కట్టమేటి?" అని కుమారి నావంక చూసి భయపడింది.

చెప్పాను. ఆ రోజు ఆ మాట చెప్పినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. కానీ నిజం చెబితే జనం సంతోషిస్తారని మాత్రం ఎవరూ అనుకోకండి. వెండి అయినన్నాళ్ళూ ఆ ఉంగరం ఇంట్లో అందరిదీ. ప్లాటినం అయిన మర్నాటి నుంచి అది ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. దానేసు తమ్ముడు మోహన్రావుకి టెక్కలిలో ఎరువుల దుకాణం. అమ్మేసి పంచుకుందామన్నాడు. దానేసు కుదరదన్నాడు. తన కూతురు పావని పెళ్ళిలో బిందెలో పడ్డాకే మిగతా మాటలన్నాడు. బియ్యం డబ్బాలో ఉంటే తమ్ముడు పట్టుకుపోతాడని తన కుడిచేతి వేలికి తొడిగేసుకున్నాడు. ఆడపడుచు కొడుకు పెళ్ళి బిందెలో వేరే ఏదో ఉంగరం వేసి కానిచ్చారట. అరుదైన లోహం అంత అరుదుగా కనబడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నీ వాటా ఎటువైపు?

దానేసు కొన్నాళ్ళు కనబడలేదు. కనబడేసరికి మెడ పక్కన గొట్టం, దాని మీద పట్టీ. పలాసలోనే డయాలసిస్. ఉద్దానంలో, అంటే మా ఈ తోటల పల్లెల్లో, కిడ్నీ పోయిందన్న కబురు ఎవరి ఇంటి నుంచి వచ్చినా ఆశ్చర్యపడడం మేము మానేసి చాలా కాలమైంది. అయినా అతణ్ణి అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

సంగతి ఇది. మెడలో గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదు, చీము పడుతుంది. అతనికి అప్పటికే ఒకసారి చలిజ్వరం వచ్చి తగ్గింది. చేతిలో నరాలు కలిపే ఆపరేషన్ చేస్తే, ఆ చేతి నుంచే రక్తం శుద్ధి చెయ్యొచ్చు. ఎడమచేతికి చేసింది పనిచెయ్యలేదు. ఇక మిగిలింది కుడిచెయ్యి. ఆ చేతి వేలికి రంగం ఉంగరం, వేలు కొబ్బరి మొవ్వులా ఉబ్బి ఉంది. ఆపరేషన్ చేస్తే చెయ్యి ఇంకా వాస్తుంది, ఉంగరం తీసేస్తే తప్ప ముట్టుకోబోమని విశాఖ డాక్టర్లు పంపేశారు.

డయాలసిస్ అయిన వెంటనే వాపు కాస్త దిగుతుంది, అప్పుడు ప్రయత్నించమని అక్కడి నర్సు చెప్పిందట. అలాగే సరాసరి దుకాణానికి వచ్చారు. మొగుడూ పెళ్ళాం మాత్రమే వస్తారనుకున్నాను. వెనకాలే టెక్కలి బస్సు దిగి మోహన్రావు కూడా వచ్చాడు.

ముందు దారం పద్ధతి. ఉంగరం కింద నుంచి దారం దూర్చి, వేలి కణుపు మీదుగా వరసగా బిగించి చుట్టి, కింది కొస లాగుతూ పోతే ఉంగరం దారం మీదుగా జరిగి వస్తుంది. ఈ పద్ధతిలో నేను ఎంతమంది ఏడుపు మాన్పించానో లెక్కలేదు. ఈసారి రాలేదు. కణుపు దగ్గర ఆగిపోయింది. దానేసు పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. వేలు నీలంగా మారుతుంటే నేనే విప్పేశాను.

"కొయ్యాలి," అన్నాను.

ముగ్గురు ఒక్కసారే వద్దన్నారు.

షావుకారు వద్దన్నాడు. ఆయన అప్పటికే బొంబాయి వ్యాపారులకి దాని ఫొటోలు పంపేశాడు. పాతకాలపు ఉంగరాన్ని కోస్తే విలువ పడిపోతుందట. వేలి విలువ గురించి బొంబాయి వాళ్ళు ఏమీ రాసినట్టు లేదు.

మోహన్రావు వద్దన్నాడు. "అది ఉమ్మడి ఆస్తి అప్పా. నా వాటా నాను కొయ్యనివ్వను."

"సరే నాయనా. ఉంగరంలో నీ వాటా ఎటువైపుందో సెప్పు. అటు ఒగ్గీసి, మీ అన్న వాటా వైపు కోయిస్తాను," అన్నాను. కౌంటరులో అందరూ నవ్వారు. మోహన్రావు నవ్వలేదు, కానీ వాటా మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడోవాడే కష్టం. దానేసే వద్దన్నాడు.

"కోసీసినాక ఇది ఉంగరమేటి అప్పా? రేకుముక్క. పావని పెళ్ళి బిందిలో రేకుముక్క ఎయ్యమంతావా? పెళ్ళయ్యీదాకా ఆగుదాం. మెడలోది ఉందికదా."

కుమారి ఒక్కసారిగా గొంతెత్తింది. "మెడలోది ఉందంట! ఆ జొరమొచ్చిన రాత్తిరి నీ పళ్ళు టకటకా కొట్టుకుంతుంటే కూకున్నది నాను. నీకేటి తెలుసు?" అని అక్కడే కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

ఓదార్పు మాటలు నాకు రావు. నాకు వచ్చింది కోపం. "చూడు దానేసూ," అన్నాను. "బిందెలోకి ఉంగరం లేకపోతే గాజు వేసి ఆడిస్తారు. గాజు కూడా లేకపోతే గవ్వ వేస్తారు. కన్యాదానానికి నువ్వు లేకపోతే నీ బదులు పీట మీద ఎవర్ని కూర్చోబెట్టమంటావు? మోహన్రావునా?"

దానేసు తమ్ముడివంక చూశాడు. తమ్ముడు అన్నవంక చూశాడు. దానేసు చెయ్యి తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"కోసీ అప్పా."

మా దుకాణంలో నగలు కోసే, అతికే బల్ల పనంతా సత్యం ఆచారిది. మామూలుగా ఇరుక్కున్న బంగారం ఉంగరాన్ని అతను మాటల్లో ఉండగానే కోసేస్తాడు. ప్లాటినం అలా కాదు. బ్లేడుకి బంకలా పట్టుకుంటుంది, బ్లేడు మొండికేస్తుంది, ఊరికే వేడెక్కుతుంది. పైగా బిరుసు. ఒక చోట కోసి రెండు వైపులా లాగితే బంగారంలా విచ్చుకోదు. రెండు చోట్ల కోసి మధ్య ముక్క తీసెయ్యాలి. వేలికీ ఉంగరానికీ మధ్య పల్చటి రేకు దూర్చి, నేను చుక్కచుక్కగా చన్నీళ్ళు పోస్తుంటే ఆచారి కోశాడు. కెంపుకి వేడి తగలకూడదు, అరచేతి వైపు నుంచే కొయ్యాలి. బ్లేడు మీద బ్లేడు విరిగింది. షావుకారు విరిగిన ప్రతి బ్లేడుకీ ఒక నిట్టూర్పు విడిచాడు. చివరికి చిన్న ముక్క టంగుమని గాజు మీద పడింది. ఉంగరం వచ్చేసింది. వేలు చుట్టూ తెల్లగా గాడి పడి ఉంది, దాని మీద నీళ్ళు పోస్తూ నేను కాసేపు అలాగే పట్టుకున్నాను.

తెగిన ముక్కని కాగితంలో చుట్టి దాచాను. రాళ్ళు తీసి, బొంబాయి పంపి అతికిస్తే మచ్చ కనబడదని షావుకారు అన్నాడు. పెళ్ళిలోగా అతికించి ఇస్తామని దానేసుకి నేను మాట ఇచ్చాను. విశాఖలో ఆపరేషన్ అయింది, ఆ చెయ్యి పనిచేసింది, మెడలో గొట్టం తీసేశారు. ఈలోగా పెళ్ళి ముంచుకొచ్చింది, ఉంగరం బొంబాయి పంపే సమయం లేకపోయింది.

బిందెలో

పావని పెళ్ళికి ముహూర్తం పంతులుగారు పెట్టలేదు, డయాలసిస్ పెట్టింది. తండ్రి ఆసుపత్రికి వెళ్ళే రోజులు వదిలేసి, వెళ్ళొచ్చి ఒళ్ళు తూలే పూట వదిలేసి, మిగిలిన రోజుల్లో ఏదో ఒకటి శుభప్రదమని చెప్పమన్నారు. ఆయన చెప్పాడు. కన్యాదానం దగ్గర దానేసే కూర్చున్నాడు, మధ్యలో ఒకసారి గోడకి ఆనుకున్నాడు గానీ లేవలేదు. మోహన్రావు వెనకాల నిలబడి అన్నకి విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు. మనుషులు అప్పుడప్పుడూ మనల్ని నిరాశపరుస్తారు, మంచిగా ప్రవర్తించి.

బిందె ఆట వచ్చింది. కోసిన ఉంగరమే తెచ్చి దానేసు చేతిలో పెట్టాను. అడుగున నోరు తెరుచుకుని ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి పసుపునీళ్ళలో వేశాడు. ఇద్దరూ చేతులు పెట్టారు. పెద్ద గోల. ఇద్దరికీ దొరకదు. పెళ్ళికొడుకు చెయ్యి పైకి తీశాడు, అరచేయి ఖాళీ. అందరూ ఓడిపోయాడని అరుస్తుంటే పావని అతని మణికట్టు చూపించింది. ఉంగరం తెగిన నోటితో అతని కంకణం దారాన్ని పట్టుకుని వేలాడుతోంది. ఎవరు గెలిచారన్నది తేలలేదు. తేల్చడానికి ఆడపిల్లవాళ్ళూ మగపిల్లవాళ్ళూ చేసిన వాదన ముందు మా షావుకారు బేరాలు ఎందుకూ పనికిరావు. దానేసు నవ్వి నవ్వి దగ్గాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో కుమారి ముఖం చూస్తే తెలిసింది.

ఆట అయ్యాక నేను సంచీలోంచి కాగితం పొట్లం తీశాను. "దానేసూ, ముక్క నా దగ్గరే ఉంది. ఈ నెలలోనే బొంబాయి పంపి అతికించేస్తాను. కోసినట్టు ఎవరికీ తెలీదు," అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"అతికించకప్పా. ఇలగే ఉండనీ. రేపు ఇంట్లో ఎవులి ఏలు వాసినా, తీయడానికి సులువుగుంతాది."

అన్నది నవ్వుతూనే. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు, అలవాటు పడ్డ నవ్వు. పొట్లం నేను మళ్ళీ సంచీలో పెట్టేసుకున్నాను.

పావని నవ్వలేదు. కంకణం దారం నుంచి ఉంగరాన్ని విడిపించి, తన వేలికి తొడుక్కుంది. ఒకసారి చెయ్యి తిప్పి చూసుకుంది. తరవాత దాన్ని మెల్లిగా లాగి చూసింది. వచ్చింది.